బ్రిటన్‌కు భయపడని జపాన్ నూనె వ్యాపారి: ఇదెమిత్సు సాజో

1953 ఏప్రిల్ 10న ఇరాన్‌లోని అబాదాన్ రేవుకు ఓ జపాన్ ట్యాంకర్ చేరింది. పేరు నిస్షో మారు. దాన్ని చూడటానికి జనం రేవుకు తరలివచ్చారు. ఎందుకంటే అప్పటికి రెండేళ్లుగా ఇరాన్ చమురు కొనే ధైర్యం పెద్దగా ఎవరూ చేయడం లేదు.

1951లో ఇరాన్ తన చమురును జాతీయం చేసింది. ప్రధాని ముహమ్మద్ ముసద్దిఖ్ ఆ నిర్ణయం అమలుకు గట్టిగా నిలబడ్డారు. అప్పటిదాకా లాభాలు తిన్న ఆంగ్లో ఇరానియన్ కంపెనీకి ఒళ్లు మండింది. ఆ చమురు మాదే, కొన్నవాళ్లపై కేసులేస్తామని ప్రకటించింది. 1952లో రోజ్ మేరీ అనే ఓడను బ్రిటిష్ వాళ్లు ఏడెన్‌కు మళ్లించి పట్టేసుకున్నారు కూడా. అంతా తెలిసే తన ఓడను పంపిన మనిషి ఇదెమిత్సు సాజో.

సాజో 1885లో జపాన్ ఫుకువోకా ప్రాంతంలో నీలిమందు వ్యాపారి ఇంట్లో పుట్టారు. చిన్నప్పటి నుంచి చూపు తక్కువ. కోబెలో కామర్స్ చదివి, పెద్ద కంపెనీలకు పోకుండా గోధుమపిండి, మెషిన్ ఆయిల్ అమ్మే చిన్న కొట్టులో పనికి చేరారు. తోటి చదువరులు నవ్వే ఉంటారు. 1911లో మోజి రేవులో సొంత దుకాణం పెట్టారు. పెట్టుబడి ఇచ్చింది హిదా జూతారో అనే శ్రేయోభిలాషి. ఇల్లు అమ్మి ఇచ్చిన ఆ డబ్బు అప్పు కాదు, తిరిగివ్వక్కర్లేదు. ఇలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతాడు?

నూనెను పడవలో సముద్రం మీదికే తీసుకెళ్లి చేపల పడవలకు అమ్మడం సాజో తొలి ఎత్తు. తర్వాత మంచూరియా రైళ్లకు చలికి గడ్డకట్టని నూనె సరఫరా చేశారు. జపాన్ సామ్రాజ్యం విస్తరించిన చోటల్లా ఆయన వ్యాపారమూ విస్తరించింది, అది దాచాల్సిన సంగతి కాదు. 1945లో ఓటమితో విదేశాల్లోని ఆస్తులన్నీ పోయాయి. దాదాపు వెయ్యిమంది ఉద్యోగులు, చేతిలో పని లేదు. ఒక్కరినీ తీసేయనన్నారు సాజో. రేడియోలు బాగుచేశారు, పొలం పనులు చేశారు, నౌకాదళం వదిలేసిన ట్యాంకుల అడుగున మిగిలిన నూనెను చేతులతో తోడారు.

అబాదాన్ ప్రయాణం పరమ రహస్యం. కోబె నుంచి బయల్దేరేటప్పుడు ఎక్కడికెళ్తున్నామో చాలామంది నావికులకే తెలియదు. పెట్రోలు, డీజిల్ నింపుకుని వచ్చేటప్పుడు మలక్కా దారి వదిలేసి, సుందా జలసంధి గుండా వచ్చారు. మే 9న ఓడ కవాసాకి చేరింది. సరుకు మాదేనంటూ బ్రిటిష్ కంపెనీ టోక్యో కోర్టుకెక్కింది, ఓడిపోయింది. అంతకు ఏడాది క్రితమే అమెరికా ఆక్రమణ నుంచి బయటపడ్డ జపాన్ ప్రభుత్వానికి ఇదంతా ఇబ్బందే, కానీ జనం మాత్రం సంబరపడ్డారు. ఈ దారి ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారుల కుట్రతో ముసద్దిఖ్ గద్దె దిగారు.

ఇంత మొండి వ్యాపారికి బొమ్మలంటే ప్రాణం. 19 ఏళ్లప్పుడే సెంగాయ్ అనే జెన్ సన్యాసి గీసిన చిత్రం కొనిపించుకున్నారు. జీవితాంతం సెంగాయ్ చిత్రాలు, మట్టి పాత్రలు సేకరిస్తూనే ఉన్నారు. వాటన్నిటితో 1966లో టోక్యోలో మ్యూజియం తెరిచారు. వృత్తం, త్రికోణం, చతురస్రం మాత్రమే ఉన్న సెంగాయ్ ప్రసిద్ధ చిత్రం ఆ సేకరణలోదే.

1981 మార్చి 7న, 95 ఏళ్ల వయసులో సాజో కన్నుమూశారు. ఆయన పోయారని తెలిసి జపాన్ చక్రవర్తి ఓ చిన్న కవిత రాశారు. ఓ నూనె వ్యాపారికి అలాంటి గౌరవం చాలా అరుదు.