కార్ల్ ఇంహాఫ్

నదికి కొత్తనీరు వచ్చిన దినములలో మన పెద్దలు చిల్లగింజను అరగదీసి కడవనీటిలో కలిపి కదపక యుంచెడివారు. తెల్లవారునప్పటికి అడుగున బురద, పైన తేటనీరు. ఆ బురద యెంతయని కొలిచినవారు మాత్రము అరుదు. ఆ కొలత పట్టణముల కెంత యవసరమో చూపిన యింజనీరు కార్ల్ ఇంహాఫ్.

ఆయన 1876లో జర్మనీదేశమందలి మన్‌హైం నగరమున జన్మించెను. ఆ దేశపు పడమటిదిక్కున నాడు బొగ్గుగనులు, ఉక్కు కర్మాగారములు నిండియుండిన రూర్ ప్రాంతము కలదు. అచట నాడు రూర్ నది త్రాగునీటికిని, ఎమ్షర్ నది మురుగునకును ఆధారములుగా నుండెను. గనుల త్రవ్వకముచే నేల క్రుంగుచుండుటవలన భూమిలోపల మురుగుగొట్టములు నిలువకుండెను. కావున ఎమ్షర్ నదినే బహిరంగపు మురుగుకాల్వగా మలచిరి. 1901లో గెల్సెన్‌కిర్షెన్ పట్టణమున కలుషితజలముచే టైఫాయిడు ప్రబలి వేలమంది జబ్బుపడిరి. ఇట్టి చోట, 1906లో, ముప్పదియేండ్ల ఇంహాఫ్ ఎమ్షర్ నదీసంఘమున ఉద్యోగమున చేరెను.

అదివరకటి తొట్లలో మడ్డి అడుగున క్రుళ్ళి, దాని వాయువు బుడగలై పైకి లేచి, తేరిన నీటిని మరల కలచివైచెడిది. ఇంహాఫ్ తొట్టిని రెండంతస్తులుగా చేసెను. పై యరలో మురుగు మెల్లగా పారును. మడ్డి వాలుగోడలమీదుగా జారి, ఇరుకైన సందుగుండ క్రింది యరలో పడి అచటనే జీర్ణించును. వాయువు ప్రక్కదారిని పోవును. ఎంత చిన్న యూహ! ఆ తొట్టి యాయన పేరుతోనే దేశదేశములకు వ్యాపించెను.

తొట్టి పని చేయుచున్నదని తెలియు టెట్లు? ఆయన పేరనే పిలువబడు గాజుపాత్ర యందుకు సాధనము. అది క్రిందికి మొనదేలి, లీటరునీరు పట్టును. మొనవద్ద గీతలుండును. మొన సన్నముగా నుండుటచే రవ్వంత మడ్డియైనను ఎత్తుగా కనబడి కొలతకు చిక్కును. నమూనాను బాగుగా కలిపి పోసి, 45 నిమిషములు కదపక యుంచవలెను. ప్రక్కల కంటుకొన్న రేణువులు దిగునట్లు కడ్డీతో మెల్లగా త్రిప్పి, మరి 15 నిమిషము లాగి, లీటరునకు ఎన్ని మిల్లీలీటర్ల మడ్డి చేరెనో చదువవలెను. పైన తేలినది లెక్కకు రాదు. తొట్టిలోనికి వచ్చు నీటిని, వెలువడు నీటిని ఇట్లు కొలిచినచో నిజము గంటలో బయటపడును. కాని విద్యార్థులారా, పైనున్న తేటను చూచి మోసపోరాదు. కరిగిన విషములును రోగక్రిములును ఈ పాత్రకు కనబడవు.

తరువాత ఇంహాఫ్ రూర్ నదీసంఘమున ప్రధానోద్యోగి యయ్యెను. నదికి అడ్డుకట్టలు కట్టి సరస్సులు చేసినచో నీరు నిలిచి, తనంత తానే తేరునని యాయన తలపోసెను. 1929లో హెంగ్‌స్టై, 1933లో ఎస్సెన్ నగరముచెంత బాల్డెనై సరస్సులు అట్లు వెలసినవి.

ఆయన 1965లో ఎస్సెన్‌లో మరణించెను. అప్పటికిని ఎమ్షర్ మురుగుకాల్వయే. గనులు మూతపడి నేల క్రుంగుట ఆగిన పిమ్మట భూమిలోపల గొట్టములు వేసి, 2021 చివరకు ఆ నదిని మురుగునుండి విడిపించిరి.