కళాశాల విడిచిన విద్యార్థి: శ్రీ పుచ్చలపల్లి సుందరయ్యగారు

మన నెల్లూరు మండలమున సముద్రతీరమునకు చేరువనున్న అలగానిపాడు గ్రామమున 1913 మే 1వ తేదీన శ్రీ పుచ్చలపల్లి సుందరయ్యగారు జన్మించిరి. వారిది భూవసతిగల కుటుంబము. పెద్దలు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులమును దెలుపు భాగమును వారు తరువాత విడిచి, సుందరయ్యగానే ప్రసిద్ధులైరి. బాల్యముననే తండ్రిని గోల్పోయిరి.

ఆ దినములలో కలిగినయింటి పిల్లవాడు చదువునకై చెన్నపట్టణము చేరెనన్న, ఇంటివారు ఎదురుచూచునది పట్టము. ఆపైని వకీలు వృత్తియో, సర్కారు ఉద్యోగమో. సుందరయ్యగారును అచటి లయోలా కళాశాలలో చేరిరి. ఇంతలో 1930లో మహాత్ముని ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. తమ తీరమున పండిన ఉప్పునకు తామే పన్ను చెల్లించు దుఃస్థితి ఎట్టిదో ఉప్పుమడుల నడుమ పెరిగిన మనవారికి వేరుగ జెప్పనక్కరలేదు. పదునేడేండ్ల ఆ విద్యార్థి కళాశాలను విడిచి ఉద్యమమున దుమికెను. పట్టమునకు మారుగా లభించినది కారాగారము. రాజమహేంద్రవరమున బాలనేరస్థులకై యేర్పరచిన బోర్స్టల్ పాఠశాలలో ఉంచబడి, అచట కమ్యూనిస్టు భావములు గలవారితో పరిచయము నొందిరి.

విడుదలైన పిమ్మట స్వగ్రామమున వ్యవసాయకూలీలను సంఘటితపరచిరి. ఆ కూలీల శ్రమపై ఆధారపడిన భూస్వాముల వర్గమే తమ వర్గము. కావున అది కళాశాలను విడుచుటకంటె కఠినమైన పని. అమీర్ హైదర్‌ఖాన్ ప్రోత్సాహమున కమ్యూనిస్టు పక్షమున చేరి, తమ వంతు ఆస్తిని దానికే అర్పించిరి. 1943లో లీలగారిని వివాహమాడి, ప్రజాసేవకు అడ్డు రారాదని సంతానము వలదనుకొనిరి. 1952లో రాజ్యసభ సభ్యులైరి. పార్లమెంటునకు సైకిలుపై వెళ్లిన నిరాడంబరులు.

చదువు విడిచినవారు పుస్తకమును విడువలేదు. తెలంగాణ పోరాటమును గూర్చి 1972లో బృహద్గ్రంథమును ప్రకటించిరి. 1985 మే 19వ తేదీన వారు పరమపదించిన తరువాత, వారి పేర హైదరాబాదులో వెలసిన విజ్ఞానకేంద్రమున గొప్ప గ్రంథాలయము నెలకొన్నది.

అయినను కళాశాలను విడుచుటే ఘనతయని యువకులు భావింపరాదు. వారి సోదరులు రామచంద్రారెడ్డిగారు వైద్యవిద్యను పూర్తిచేసి, నెల్లూరున ప్రజావైద్యశాలను నడిపి పేదల కండయైరి. ఒకరు చదువును మధ్యలో విడిచిరి. ఒకరు తుదివరకు చదివిరి. ఇరువురును ఆ చదువు ఎవరికొరకని తమ్ము తాము ప్రశ్నించుకొనినవారే. ఏ విద్య నెంచుకొనవలెనని మన గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి ఆలోచించు ప్రతి విద్యార్థియు ముందుగా ఆ ప్రశ్న వేసికొనుగాక.