మనవారు దేనితో కాలము గడుపుచున్నారు?

లేఖన పఠనము: లూకా 10:38–42, మార్కు 3:20–21



మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండగా, పని మాని కాలము పోగొట్టుచున్నదని మార్త తలంచెను. ప్రభువునకు అన్నము తినుటకైనను తీరిక లేనప్పుడు, ఆయనకు మతి చలించెనని సొంతవారే పట్టుకొనిపోవచ్చిరి. ప్రేమించువారే కలవరపడుదురు, అయితే ఆ రెండు చోట్లను వారి కలవరము పొరపాటాయెను. నంద్యాలలోను, ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలలోను తల్లిదండ్రులు అడుగు ప్రశ్న యిదే: మా బిడ్డ ఎప్పుడును ఒకే పని మీద పడియున్నాడు, భయపడవలెనా? దీనికి మహాకవి గుఱ్ఱం జాషువా గారి జీవితము మంచి పాఠము.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబమందు జన్మించిరి. తండ్రి వీరయ్య, తల్లి లింగమాంబ. చిన్ననాటినుండి బొమ్మలు వేయుట, పాటలు పాడుట వారికి ప్రీతి. పెరిగిన తరువాత జూపూడి హనుమచ్ఛాస్త్రి గారియొద్ద సంస్కృత కావ్యములు చదివిరి.

ఇది సంఘపు పెద్దలకు రుచింపలేదు. క్రైస్తవుడు హిందూ దేవతల కథలతో, పద్యములతో కాలము గడుపుటేమని వారు కలవరపడిరి. కలవరము నిందగా మారెను. తుదకు ఆ కుటుంబమునే సంఘమునుండి వెలివేసిరి. మరియొక ప్రక్క, వినుకొండలో ఒక సభయందు పద్యములు చదువగా, తక్కువ కులమువానిని ఎందుకు రానిచ్చితిరని కొందరు అవమానించిరి. ఇట్లు రెండు తలుపులును మూయబడెను.

అయినను వారి దినములు సోమరితనమున గడువలేదు. నెలకు 3 రూపాయల జీతముతో బడిలో పాఠములు చెప్పిరి. ఆ పని పోగా, 1915–16లో రాజమండ్రిలో మూగ సినిమాలు ఆడుచుండగా కథ చదివి వినిపించిరి. తరువాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయములో సుమారు 10 ఏండ్లు పనిచేసి, 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. పని విడువలేదు, పద్యమును విడువలేదు.

1941లో వెలువడిన గబ్బిలములో, గుడిలోనికి రానీయబడని పేదవాని మొరను గబ్బిలముచేత శివునికి పంపిరి. తరువాత క్రీస్తు చరిత్ర వ్రాసిరి. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 1970లో పద్మభూషణ్ బిరుదు పొంది, 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసిరి. ఏ విద్యను చూచి పెద్దలు భయపడిరో, ఆ విద్యతోనే వారు మన ప్రభువు చరిత్రను తెలుగు పద్యములలో పెట్టిరి.

కాబట్టి ఎప్పుడు కలవరపడవలెను? ఆ పని బిడ్డను అన్నమునుండి, నిద్రనుండి, ఇంటి బాధ్యతనుండి తప్పించుచు, దాపరికమును అబద్ధమును నేర్పుచున్నయెడల తప్పక కలవరపడుడి. రాత్రంతయు సెల్ ఫోనులో పందెములాడి అప్పులపాలగువానిని చూచి ఊరకుండుట ప్రేమ కాదు. అయితే ఆ పని మనకు తెలియనిదనియు, మన పెద్దలు చేయనిదనియు మాత్రమే భయపడుచున్నయెడల తొందరపడకుడి. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టి ఒకే రాతియెదుట దినములకొలది కూర్చుండును. బొమ్మ తేలువరకు దారినపోవువానికి కనబడునవి రాతిముక్కలే.

తీర్పు తీర్చకముందు బిడ్డ ప్రక్కన కూర్చుండుడి. ఏమి చదువుచున్నావో, ఏమి చేయుచున్నావో నాకును చెప్పుమని అడిగి, ఓపికతో వినుడి.

వివేచనగల ప్రేమను ప్రభువు మన యిండ్లకు దయచేయునుగాక. ఆమేన్.