వణికే చేతుల భాష తెలిసిన వైద్యుడు – షార్కో

పారిస్ నగరంలో ఒక పేద స్త్రీ ఉండేది. చేతులు ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చున్నంతసేపు ఆమెకు ఏ రోగమూ లేనట్లే కనిపించేది. ఏదైనా అందుకోబోయినప్పుడు మాత్రం చేయి వణికేది. వస్తువు దగ్గరపడేకొద్దీ ఆ వణుకు హెచ్చేది. అటువంటి మనిషికి గిన్నెలూ పళ్లేలూ ఎవరు అప్పగిస్తారు? ఎక్కడా పని దొరకని ఆమెను ఒక వైద్యుడు తన ఇంట పనికి కుదుర్చుకున్నారు. ఏళ్ల తరబడి ఆమె చేతినుండి జారి పగిలిన పాత్రల ఖరీదు ఒక చిన్న ఆస్తి అంత అయినా పంపివేయలేదు. ఆ వైద్యుడే జాన్-మార్టిన్ షార్కో. ఈ సంగతిని 1893లో తన సంస్మరణ వ్యాసంలో రాసినవారు, ఆయన వద్ద కొన్ని నెలలు చదువుకున్న సిగ్మండ్ ఫ్రాయిడ్.

షార్కో 1825 నవంబరు 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి గుర్రపుబండ్లు తయారుచేసేవారు. కుమారునికి బొమ్మలు గీయడంలో మంచి నేర్పు ఉండేది. వైద్యంలోకి వచ్చిన తరువాత కూడా ఆ చిత్రకారుని చూపు ఆయనను విడువలేదు. 1853లో పట్టం పుచ్చుకొని, 1862లో సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో ప్రధాన వైద్యుడయ్యారు. ఒకప్పుడు తుపాకిమందు తయారైన ఆ స్థలాన్ని 17వ శతాబ్దంలో దిక్కులేని స్త్రీలకు ఆశ్రయంగా మార్చారు. షార్కో కాలానికి అక్కడ సుమారు 5,000 మంది ఉండేవారు. పేరు ప్రతిష్ఠలు కోరే వైద్యులెవరూ అటు తొంగిచూసేవారు కారు. షార్కో, ఆయన మిత్రుడు వుల్పియాన్ మాత్రం ఒక్కొక్క మంచం వద్దా ఆగి, ఒక్కొక్కరి నడకా, మాటా, చూపూ రాసిపెట్టుకున్నారు.

ఆ రోజులలో వణుకు అంటే అంతా ఒకటే జబ్బు. షార్కో దానిని రెండుగా విడదీశారు. చేయి ఊరక ఉన్నప్పుడు వణికితే అది పార్కిన్సన్ వ్యాధి. నీళ్ల గ్లాసును నోటి దగ్గరికి తెచ్చుకొనేటప్పుడు వణికితే అది వేరొకటి. ఆ రెండవ దానిలో కనుగుడ్లు అదరడం, మాట ముక్కలు ముక్కలుగా సాగదీసినట్లు రావడం కూడా గమనించారు. రోగులు మరణించిన తరువాత మెదడునూ వెన్నుపామునూ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనిపించాయి. బోరు మోటారుకు పోయే కరెంటు తీగపై తొడుగు ఊడిపోయి లోపలి తీగ మిగిలినట్లుగా, ఆ మచ్చలలో నరాల పైపొర నశించి లోపలి పోగు నిలిచి ఉండడం ఆయన చూశారు. అటువంటి మచ్చలను అంతకుముందే 1830ల ప్రాంతంలో కార్స్‌వెల్, క్రువేయే చిత్రించి ఉంచారు. కాని ఆ మచ్చకూ, బ్రతికి ఉన్న మనిషి పడే బాధకూ స్పష్టమైన ముడి వేసి, 1868 ఉపన్యాసాలలో దానిని ఒక ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టినవారు షార్కో. నేడు మనం మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్నది అదే.

ఆ పనిమనిషి మరణించిన తరువాత ఆమె మెదడులోనూ వెన్నుపాములోనూ ఇవే మచ్చలు బయటపడ్డాయి. ఆమెను ఆదుకోవడానికి ఉంచుకున్నారా, పరిశీలించడానికా? రెండూ నిజమే అయి ఉండవచ్చునని నాకు తోస్తుంది. ఫ్రాయిడ్ వ్యాసంలో ఆమె పేరు మాత్రం లేదు.

చికిత్సలో షార్కో చేయగలిగింది స్వల్పం. బంగారు, వెండి లవణాలు వాడి చూశారు. ముషిణి గింజలలోని విషాన్ని కొద్ది మోతాదులో ఇచ్చి చూశారు. ఏదీ నిలకడగా పనిచేయలేదని దాచకుండా చెప్పారు. అయినా రోగి దినచర్యపై దృష్టి మరల్చలేదు. దూరప్రయాణం చేసి రైలునుండో బండినుండో దిగిన పార్కిన్సన్ రోగులు కొంత హాయిగా ఉన్నదని చెప్పడం విని, కూర్చున్నవారిని కుదిపే కుర్చీ ఒకటి చేయించి, 1892లో దానిని గురించి ఉపన్యసించారు. బండ్లు చేసినవారి బిడ్డకు ఆ ఊహ రావడంలో వింత లేదు! 2012లో చికాగో పరిశోధకులు అటువంటి కుర్చీనే పరీక్షించారు. కుదుపు ఉన్న కుర్చీలో కూర్చున్నవారూ, కుదుపు లేని కుర్చీలో కూర్చున్నవారూ సమానంగానే మెరుగయ్యారు. విశ్రాంతికే అంత ఫలముందేమో.

ఆయనలో లోపాలు లేకపోలేదు. హిస్టీరియా రోగులను సభలో నిలబెట్టి, వశీకరణ నిద్రలో ముంచి చూపిన ప్రదర్శనలకు పారిస్ పెద్దమనుషులు వేడుకకు వచ్చినట్లు వచ్చేవారు. ఆ స్త్రీల మర్యాదను ఎవరు పట్టించుకున్నారు? ఆ సిద్ధాంతాలు ఆయన పోయిన తరువాత ఎంతోకాలం నిలువలేదు. 1893 ఆగస్టు 16న మోర్వాన్ ప్రాంతంలోని సెత్తోన్ సరస్సు వద్ద, 67వ ఏట ఆయన కన్నుమూశారు.

ఈ వ్యాధి తీవ్రతను తగ్గించే మొదటి మందుకు అమెరికాలో అనుమతి లభించింది 1993లో, అంటే సరిగ్గా నూరేళ్లకు. మొదటినుండీ క్రమంగా ముదిరే రకానికి 2017లో గాని మందు రాలేదు. పూర్తిగా నయం చేసేది నేటికీ లేదు. సాధారణంగా 20 – 40 ఏళ్ల మధ్య, స్త్రీలలో ఎక్కువగా మొదలయ్యే ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. మన సరిహద్దు ఊళ్లలో తూలి నడిచే మనిషిని చూసి తాగాడనో, గాలి సోకిందనో అంటారు. ఆసుపత్రి చీటీ ఒక భాషలో, ఇంటి మాట మరొక భాషలో ఉండేచోట ఆ అపోహ మరింత సులభంగా పాకుతుంది. అందుకే ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. శ్రమపడినప్పుడు ఈ రోగుల చూపు కొంతసేపు మసకబారుతుందని 1890లో ఉట్‌హోఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు రాశారు. దానికి కారణం ఒంటి వేడి పెరగడమని తరువాత తేలింది. ఒళ్లు చల్లబడితే ఆ మసక తగ్గుతుంది. కనుక వేసవి మధ్యాహ్నం పొలం పనికి పంపకుండా, తడిగుడ్డ, చల్లని నీరు అందుబాటులో ఉంచాలి. అన్నం తినేటప్పుడు మోచేతులు బల్లపై ఆనించుకొంటే వణుకు కొంత అదుపులోకి వస్తుంది. తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసుకన్నా బరువైన కంచు గ్లాసు కొందరి చేతిలో బాగా నిలుస్తుంది.