బిడ్డలకు నీడ యైన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు

తలిదండ్రులెవరు, ఇల్లెక్కడ అని అడుగక బిడ్డను బడిలో చేర్చుకొనుట మన వడమాలపేటలోనైనను, కాకినాడలోనైనను సులభము కాదని మేమెరుగుదుము.

1862లో మచిలీపట్టణమున జన్మించిన నాయుడుగారు బాల్యముననే ఉర్దూ, పారసీకములు నేర్చిరి; మా కళాశాలవారికి ఇది ప్రీతికరము. 1904 మొదలు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, బాలికలకు అందు ప్రవేశము కల్పించిరి. అయితే రాత్రి తలదాచుకొను చోటు లేని బిడ్డకు పగటి చదువెట్లు సాగును? వారి ప్రేరణచే పిఠాపురం మహారాజావారు కాకినాడలో అనాథశరణాలయమును పోషించిరి. యౌవనముననే భార్యను కోల్పోయిన నాయుడుగారికి ఆ బిడ్డలే సంసారము. 1925లో మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైనను వారిని మరువలేదు.

1939లో కన్నుమూసిరి. వయసు పత్రము లేదను కారణముచే బడిలో ప్రవేశము నిరాకరింపరాదను చట్టము వచ్చుటకు మరి డెబ్బది యేండ్లు పట్టెను.