మూసీ వరద మర్మం చెరువుల్లో వెదికిన విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబర్ 15న ఇంజనీర్ల దినోత్సవం నాడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పటానికి పూలదండ వేయడం ఆనవాయితీ. ఆ సభల్లో తప్పకుండా వినిపించే కథ ఒకటుంది. రైలులో వెళుతూ చక్రాల చప్పుడులో తేడా కనిపెట్టి, ముందు పట్టా విరిగిందని గొలుసు లాగారట. అది జరిగిందో లేదో గాని, 1909లో మూసీ, ఈసీ నదుల మీద ఆయన చేసిన పని మాత్రం లెక్కలతో సహా కాగితం మీద ఉంది. వికారాబాద్, చేవెళ్ళ, శంషాబాద్ ప్రాంతాల వారికి ముఖ్యంగా సంబంధించిన ఆ పని గురించి చెప్పేవారు తక్కువ.

విశ్వేశ్వరయ్య మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలో బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం. ఊరు వదిలి వెళ్ళినా ఊరి పేరు ఇంటిపేరై నిలిచింది. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో కుటుంబానికి ఇబ్బందులు తప్పలేదు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో బి.ఏ. చేసి, మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి రాష్ట్ర పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

అక్కడి నుంచి ఆయన బతుకంతా నీటితోనే గడిచింది. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి తాగునీరు కావలసి వచ్చింది. పక్కనే సింధునది ఉన్నా నీళ్ళన్నీ బురద. వడపోత తొట్లు కట్టే స్తోమత మునిసిపాలిటీకి లేదు. ఆయన నది ఒడ్డునే ఇసుకలో బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చిన నీరు తేటగా ఉంది. మన వాగుల్లో చెలమ తీసుకొని నీళ్ళు తోడుకొనేవారికి ఇది కొత్త సంగతి కాదు. దాన్ని ఒక పట్టణానికంతా సరిపోయేటట్లు చేయడంలోనే ఉంది ఆయన గొప్పతనం. పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు కట్ట పెంచకుండానే నీరు ఎక్కువ నిలిచేటట్లు, వరద మట్టం మించగానే తమంత తామే తెరుచుకొనే గేట్లు అమర్చారు. వాటికి పేటెంటు వచ్చినా ప్రభుత్వం నుంచి దాని మీద సొమ్ము పుచ్చుకోలేదు.

ఆయన బొంబాయి కొలువు నుంచి తప్పుకొని విదేశాల్లో పర్యటిస్తున్న రోజుల్లో హైదరాబాద్ మీద పెను విపత్తు పడింది. 1908 సెప్టెంబర్ 28, సోమవారం. అంతకుముందు నుంచే ఎడతెరిపి లేని వాన. తెల్లవారేసరికి మూసీ గట్లు దాటి ఊరి మీదికి వచ్చింది. అఫ్జల్‌గంజ్ వీధుల్లో పడవలు పట్టని వడి. పురానాపూల్ నిలిచింది, మిగతా మూడు వంతెనలూ దెబ్బతిన్నాయి. దాదాపు 15 వేల మంది చనిపోయారు. సుమారు 19 వేల ఇళ్ళు కూలిపోయాయి. ఆ రోజు అఫ్జల్‌గంజ్ దగ్గరి తోటలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు తర్వాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వచ్చింది. నది కోపగించిందని తలచి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా స్వయంగా ఒడ్డుకు వెళ్ళి పట్టుబట్టలు, ముత్యాలు సమర్పించారని చెప్పుకొంటారు.

పూజ సంగతి ఎలా ఉన్నా, మళ్ళీ ఇలా జరగకుండా ఏం చేయాలో తేల్చమని నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ వచ్చారు.

మునిగింది హైదరాబాద్ కనుక ఎవరైనా హైదరాబాద్‌లోనే మందు వెదుకుతారు. గట్లు ఎత్తు చేయాలంటారు, నదిని వెడల్పు చేయాలంటారు. ఆయన మాత్రం నీరు ఎక్కడ నుంచి వచ్చిందో ఆ దారి పట్టి ఎగువకు కదిలారు. అనంతగిరి కొండల నుంచి వచ్చే మూసీ, దక్షిణం వైపు నుంచి వచ్చే ఈసీ, ఈ రెంటికీ నీరు చేర్చే భూమి నగరానికి ఎగువన సుమారు 860 చదరపు మైళ్ళు. వానకొలత రికార్డులు తెప్పించి చూడగా, శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం పడినట్టు తేలింది. అంటే రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. నగరం దగ్గర నది సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగుల నీటిని మోసిందని లెక్క కట్టారు.

ఆ తర్వాత తీసిందే చెరువుల లెక్క. ఆ 860 చదరపు మైళ్ళలో 788 చెరువులు ఉన్నాయి. ఇంచుమించు మైలుకొక చెరువన్న మాట. ఆ వరదలో 221 చెరువులు తెగాయి. ఈసీ వైపు 182, మూసీ వైపు 39.

ఈ అంకెల అర్థం పల్లెటూరి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. మన చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి వస్తుంది. మామూలు ఏడాదిలో అదొక సంబరం. కాని పై కట్ట తెగితే నెలల తరబడి నిలవాల్సిన నీరంతా గంటల్లో కింది చెరువు మీద పడుతుంది. ఆ చెరువు మత్తడి అంత నీటిని దాటించలేదు. కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లిందంటే ఆ కట్ట దక్కదు. అది తెగి మూడోదాన్ని తెంచుతుంది. అలా వాన నీటికి చెరువుల నీరు తోడై నగరం మీద పడింది. తెగిన చెరువుల్లో అయిదింట నాలుగు వంతులు ఈసీ పక్కనే ఉండటం గమనించదగినది.

వరద నగరంలోకి వచ్చాక ఆపడం కుదరదని, నగరానికి ఎగువనే పట్టి ఉంచాలని విశ్వేశ్వరయ్య నిర్ణయానికి వచ్చారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి, వరద ఉధృతిని అక్కడ కొంతసేపు ఆపి, నది భరించగలిగినంత నీటినే దిగువకు వదలాలని సూచించారు. నగరంలో గట్లు కట్టి వాటి వెంట తోటలు వేయాలని, మురుగునీటి పారుదల ఏర్పాటు చేయాలని కూడా చెప్పారు. 1909 అక్టోబర్‌లో నివేదిక ఇచ్చి, నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్ళిపోయారు. ఏడు నెలల పని అది.

ఆ సూచన మీదనే గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. సభల్లో ఈ రెంటినీ విశ్వేశ్వరయ్య కట్టించారనడం పరిపాటి. ఆయన దారి చూపారు. కట్టించినవారు ఇక్కడి ఇంజనీర్లు. వారిలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు తప్పక చెప్పుకోవాలి. కట్ట వెనుక భూములు ముంపులో కలిసిన రైతుల సంగతి మాత్రం ఏ వక్తా ఎత్తరు.

వరద ఆపడానికి తలపెట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. అందులో ఒక చిక్కు ఉంది. వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీరు ఇవ్వాలంటే నిండుగా ఉండాలి. వానాకాలంలో గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తాలన్న తర్జనభర్జనకు మూలం ఇదే.

మైసూరులో విశ్వేశ్వరయ్య చేసినవి లోకమంతటికీ తెలుసు. 1911లో మొదలైన కృష్ణరాజసాగర్, 1912 నుంచి 1918 దాకా దివాన్‌గిరీ, పరిశ్రమలు, బ్యాంకు, విశ్వవిద్యాలయం. హైదరాబాద్ మురుగుకాల్వల పని చూసేందుకు 1922లో తిరిగి వచ్చారు. 1955లో భారతరత్న బిరుదు పొందారు. 1960 సెప్టెంబర్ 15న ఆయన బతికి ఉండగానే తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దెనహళ్ళిలో జరిగాయి.

జంట జలాశయాల కోసం 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు, పరిశ్రమలు కూడదన్నది. పొరుగు మండలాల్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదని ఆ గ్రామాల రైతులు పాతికేళ్ళు మొత్తుకొన్నారు. వారి బాధ కాదనలేనిది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ 69 నంబరు జీవో వెలువడింది. ఈ వాదోపవాదాల్లో జలాశయాల పేరే వినబడింది గాని, వాటికి నీరు తెచ్చే చెరువులు, కాల్వల పేరు అంతగా వినబడలేదు.

2020 అక్టోబర్‌లో కుండపోత వాన కురిసినప్పుడు హైదరాబాద్ పాతబస్తీ దక్షిణాన పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. ఆ నీరు కిందనున్న కాలనీల మీద పడింది.