శివసాగర్ రాంగులాం

హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో 1900లో శివసాగర్ రాంగులాం జన్మించారు. తండ్రి బీహారు నుండి చెరకు తోటలకు వలసవచ్చిన కూలీ. శివసాగర్ లండనులో వైద్యవిద్య నభ్యసించి, 1935లో స్వదేశం చేరి, కూలీల ఓటుహక్కుకై కృషి చేశారు.

ఫ్రెంచివారి తరువాత ఆంగ్లేయులు ఏలిన ఆ దీవిలో ఆఫ్రికా బానిసల సంతతివారు, భారతీయులు, చైనీయులు, ఐరోపా వారు నివసించేవారు. అధికసంఖ్యాకులైన భారతీయుల ఆధిపత్యానికి వెరచి, 1967 ఎన్నికలలో నూటికి నలభైనలుగురు స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించారు.

1968లో తొలి ప్రధానియైన రాంగులాం ఆ భయాన్ని పోగొట్టదలచారు. మరుసటి ఏడే ప్రతిపక్షాన్ని ప్రభుత్వంలో చేర్చుకొన్నారు. పూర్వీకుల భాషను ఇతరులపై రుద్దలేదు. శాసనసభలో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలే కొనసాగాయి. బడులలో హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు వంటి భాషలకు చోటు లభించింది. అయితే, ఇంటింటా పలికే క్రియోల్ మాత్రం పాఠ్యాంశం కావడానికి 2012 వరకు వేచి ఉండవలసివచ్చింది. 1985లో కన్నుమూసిన రాంగులాం మారిషస్ జాతిపితగా చిరస్మరణీయులు.